పైసా ఖర్చు లేకుండా పాట రికార్డు చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుంది?

#1 · తెనాలి_తంబుర · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. మంగళహారతులు, పెళ్లిపాటలు, అప్పగింతల పాటలు కలిపి నలభై దాకా నోటికి వచ్చు. వాటిలో చాలా వాటిని నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. వాటిని శుభ్రంగా రికార్డు చేసి, వెనక తంబుర, మృదంగం, వీలైతే వేణువు చేర్చాలని కోరిక. మృదంగం మా స్నేహితుడు వాయిస్తాడు, కానీ ఆదివారాలు మాత్రమే దొరుకుతాడు. వేణువు కీబోర్డు మీద నేనే తంటాలు పడాలి.

నా దగ్గర ఉన్నవి: విండోస్ 10 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే డబ్బా), ఒక కండెన్సర్ మైకు, పాత మిడి కీబోర్డు (శబ్దం కాకుండా ఏ మీట నొక్కామో కంప్యూటర్‌కు చెప్పేది). వీటితోనే జేబు ఖాళీ అయింది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరకాల్సిందే. ఎక్కడ వెతికినా ప్రతివారూ తాము వాడేదే గొప్ప అంటున్నారు. నాకు గొప్పలు వద్దు, ఏది ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చెప్పండి చాలు. ఒక మిత్రుడు క్రాక్ చేసిన కాపీ ఇస్తానంటున్నాడు గానీ మనసు ఒప్పడం లేదు.

#2 · నిర్వాహకులు · శనివారం, రాత్రి 10:58

క్రాక్ కాపీల లింకులు ఈ చర్చలో ఎవరూ పెట్టకండి, పెడితే తీసేస్తాం. తెనాలి_తంబుర గారూ, మీ మనసు ఒప్పకపోవడమే మంచిది. అలాంటి కాపీలు ఎక్కించుకోవడానికి ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఎందుకు ఆపమంటున్నారో ఆలోచిస్తే చాలు.

#3 · దరువు_9 · శనివారం, రాత్రి 11:25

అన్నా, నేను వరంగల్ నుంచి. జానపద పాటలకు బీట్లు కడతాను. నేను మొదలుపెట్టింది ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్‌తో. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు), పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. బీట్ల పెట్టె, పియానో రోల్ ఉంటాయి. జైన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్ అనే పెద్ద సింథసైజర్ అందులోనే కలిపి ఇస్తారు. నేను మా ఊళ్లో డప్పును ఒక్కో దెబ్బగా ఫోనులో పట్టుకొని, ఆ శబ్దాలను అందులోని ఆడియోఫైల్‌ప్రాసెసర్‌లో వేసుకొని 6/8లో దరువు కట్టాను. కొనుక్కున్న శబ్దాల కంటే అదే బాగుంది. ఇది నా మాట కాదు, డప్పు కొట్టే మా పెదనాన్న మాట.

కానీ మీకు ఇది పనికిరాదు. 1.2 స్థిర వెర్షన్‌లో మైకు నుంచి గొంతు రికార్డు చేసే వీలే లేదు. గాయని వచ్చి నిలబడ్డాక ఆ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో నన్ను అడగండి. బీటు కట్టి, వేవ్ ఫైలుగా తీసి, ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లి అక్కడ గొంతు పెట్టాలి. నేను ఇప్పటికీ అదే చేస్తున్నాను.

#4 · ఫేడర్_బాబాయి · ఆదివారం, ఉదయం 6:15

టేపు రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

తెనాలి గారూ, "సంగీతం సాఫ్ట్‌వేర్" అని అన్నిటినీ ఒకే గంపలో వేస్తున్నారు. ఇవి మూడు జాతులు. ఉన్న శబ్దాన్ని పట్టి, కోసి, అతికేవి ఒకటి. లేని శబ్దాన్ని కీబోర్డుతో పుట్టించేవి రెండు. రెండు పనులూ చేసేవి మూడు. తమ్ముడు దరువు చెప్పినది రెండో జాతి. అందరికీ తెలిసిన ఆడాసిటీ మొదటి జాతి. మీకు కావలసింది మూడోది.

అయినా ఆడాసిటీ దింపుకోండి. 2000లో బయటకు వచ్చినప్పటి నుంచి ఉచితమే. అమ్మ గొంతు ఒక్కటే పట్టి, ముందువెనకల దగ్గులు కోసి, ఫ్యాను హోరు తగ్గించడానికి దానికి మించింది అవసరం లేదు. 2022లో 3.2 వెర్షన్ వచ్చేదాకా దానితో ఒక పెద్ద చిక్కు ఉండేది. రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని) వేస్తే అది తరంగంలోనే కలిసిపోయేది, పచ్చడిలో ఉప్పు కలిసినట్టు. తరువాత తగ్గించాలంటే అన్‌డూ చేసుకుంటూ వెనక్కి పోవడమే దారి. ఇప్పుడు ఎఫెక్టును పైపైన పెట్టి, వింటూనే మార్చుకోవచ్చు. మారనిది ఒకటుంది. మిడి కీబోర్డు తగిలించి అందులో వేణువు వాయిద్దామంటే కుదరదు. అది ఆ పనికి పుట్టలేదు.

ఫ్యాను సంగతి ఎత్తాను కాబట్టి చెబుతాను. అమ్మ పాడడానికి ముందు ఇంట్లో అందరినీ ఐదు సెకన్లు ఊపిరి బిగబట్టమని ఉత్త గదిని రికార్డు చేయండి. నాయిస్ రిడక్షన్‌లో ఆ ఐదు సెకన్లను ముందు నమూనాగా చూపించి, ఆ తరువాత పాట మొత్తానికి వేయాలి. 12 డెసిబెల్స్ దాటించకండి. దాటితే గొంతు బిందెలోంచి వచ్చినట్టు ఉంటుంది. అసలు ఫ్యాను ఆపేసి రికార్డు చేస్తే ఈ గొడవే లేదు, కానీ తెనాలిలో మే నెలలో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.

#5 · లైనక్స్_లక్ష్మి · ఆదివారం, ఉదయం 9:02

ఫేడర్ బాబాయి గారి మూడు జాతులకు నేను ఇంకో గీత గీస్తాను. ఉచితం అన్నది కూడా ఒక్క రకం కాదు. ఓపెన్ సోర్స్ ఉచితం వేరు, కంపెనీ ఇచ్చే ఉచితం వేరు.

కేక్‌వాక్ అనే కంపెనీ కథ చూడండి. దాని సోనార్ ఒకప్పుడు డబ్బు పెట్టి కొనే పెద్ద స్టూడియో సాఫ్ట్‌వేర్. యజమాని గిబ్సన్ కంపెనీ 2017 నవంబరులో దాని తయారీ ఆపేసింది. 2018లో సింగపూర్‌కు చెందిన బ్యాండ్‌ల్యాబ్ కొని, దాదాపు అన్ని సౌకర్యాలతో ఉచితంగా ఇచ్చింది. విండోస్ వాడేవారికి అంత పూర్తి సరుకు ఉచితంగా దొరకడం అరుదు. 2023లో కొత్త సోనార్ వస్తుందని, ఉచితంగా ఇస్తున్నది ఆగిపోతుందని ప్రకటించారు. 2025లో మళ్లీ కొత్త సోనార్‌కే ఒక ఉచిత స్థాయి పెట్టారు. ఎనిమిదేళ్లలో ఎన్ని మలుపులు! ప్రో టూల్స్ ఫస్ట్ అనే ఉచిత వెర్షన్ కూడా 2021 చివరికి వెళ్లిపోయింది. దాని స్థానంలో 2022లో ఇంట్రో వచ్చింది. అందులో 8 ఆడియో ట్రాకులు, 8 వాద్యం ట్రాకులు, 8 మిడి ట్రాకులు, అంతే. మీ పాటకు అవి చాలవచ్చు. నేనడిగేది అది కాదు. 2035లో మీ అమ్మాయి ఆ ప్రాజెక్టు ఫైలు తెరవగలదా?

నేను ఆర్డర్ (Ardour) అనే ఓపెన్ సోర్స్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాను, విండోస్‌కు బదులు వాడే ఉచిత వ్యవస్థ లైనక్స్ మీద. ఎన్ని ట్రాకులైనా పెట్టుకోవచ్చు, మిడి ఉంది, మిక్సర్ ఉంది. దాని సెషన్ ఫైలు ఎక్స్‌ఎమ్‌ఎల్, అంటే మామూలు టెక్స్ట్. రికార్డు చేసిన శబ్దాలు పక్క ఫోల్డరులో వేవ్ ఫైళ్లుగా ఉంటాయి. రేపు ఆర్డర్ అనేదే లేకపోయినా ఆ ఫోల్డరు తెరిస్తే అమ్మ గొంతు అక్కడే ఉంటుంది. లోపమూ చెబుతాను. సోర్స్ కోడ్ ఉచితమే గానీ, విండోస్‌కూ మ్యాక్‌కూ సిద్ధంగా కట్టి ఇచ్చే ప్రతికి ఎంతో కొంత చెల్లించాలి. ఊరికే దింపుకున్న నమూనా ప్రతి కాసేపటికి మూగబోతుంది. ఉబుంటు, డెబియన్ లాంటి లైనక్స్ రకాల్లో మాత్రం వాటి భాండారం నుంచే ఉచితంగా వస్తుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కూడా. ఉబుంటు స్టూడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఒకసారి చూడండి.

#6 · ఫేడర్_బాబాయి · ఆదివారం, ఉదయం 9:30

> ఉబుంటు స్టూడియో పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఒకసారి చూడండి

అమ్మా లక్ష్మీ, ఆయన పాట రికార్డు చేయాలంటున్నాడు, ఇల్లు మారాలనడం లేదు.

#7 · లైనక్స్_లక్ష్మి · ఆదివారం, ఉదయం 9:41

బాబాయి గారూ, కూలిపోతున్న ఇంట్లో స్టూడియో కట్టకూడదని మాత్రమే అంటున్నాను. :)

పోనీ విండోస్‌లోనే ఉండాలంటే వేవ్‌ఫామ్ ఫ్రీ చూడండి. ట్రాక్షన్ వారిది. ఓపెన్ సోర్స్ కాదు, కానీ ట్రాకులకు పరిమితి లేదు, బయటి ప్లగిన్లు (తగిలించుకునే అదనపు వాద్యాలు, ఎఫెక్టులు) తీసుకుంటుంది, ఆడియో మిడి రెండూ ఉన్నాయి. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది. మొదటి వారం మాత్రం జుట్టు పీక్కుంటారు. అన్నీ ఒకే తెరలో ఎడమ నుంచి కుడికి పారుతూ ఉంటాయి, మిగతా సాఫ్ట్‌వేర్ల అలవాటు ఏదీ అక్కడ పనిచేయదు. మీకు పాత అలవాటు లేదు కాబట్టి ఆ బాధ మాకంటే తక్కువే.

#8 · డల్లాస్_డోలక్ · ఆదివారం, ఉదయం 11:15

ఇక్కడ మా భజన బృందానికి నేనే రికార్డింగ్ ఇంజినీరును, అంటే ఇంకెవరూ ముందుకు రాలేదని అర్థం. మ్యాక్ ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉండగా ఈ చర్చే అక్కర్లేదు. 2004 నుంచి ఉంది. తెరిచిన పది నిమిషాల్లో పాట మొదలుపెట్టవచ్చు. వాద్యాల శబ్దాలు బాగుంటాయి. రేపు డబ్బు వచ్చి ఆపిల్ వారి పెద్ద సాఫ్ట్‌వేర్ లాజిక్ కొంటే ప్రాజెక్టు నేరుగా అందులో తెరుచుకుంటుంది.

లోపాలు కూడా చెప్పమన్నారు కదా. విడిగా మిక్సర్ కిటికీ లేదు. పాట మధ్యలో తాళం మార్చే వీలు లేదు. మా భజనల్లో ఆదితాళంలో నడిచి చివర తిశ్రంలోకి దూకేవి ఉన్నాయి, అక్కడ గీతలు చూడకుండా చెవితో అతకాల్సిందే. అన్నిటికంటే పెద్ద లోపం, ఆపిల్ పరికరం లేకపోతే అది లేదు. "ఉచితం" అనే మాట వెనక ఖరీదైన డబ్బా ఉంది.

ఇంకొకటి జాగ్రత్త. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లూపులు (మళ్లీ మళ్లీ ఆడించే సిద్ధపు శబ్దాల ముక్కలు) మన పాటలో ఉచితంగా వాడుకోవచ్చు. కానీ అదే లూపుతో ఇంకెవరో పాట చేసి యూట్యూబ్‌లో ముందుగా నమోదు చేసుకుంటే, మన వీడియో మీద హక్కుల దావా వచ్చి పడుతుంది. మా దీపావళి భజనకు అలాగే వచ్చింది. వివరణ రాసుకున్నాక తీసేశారు గానీ, పండగ మూడు రోజులూ ఆ పనితోనే సరిపోయింది.

#9 · ఫోనులోనే_పాట · ఆదివారం, మధ్యాహ్నం 2:08

నా దగ్గర కంప్యూటరే లేదు. బ్యాండ్‌ల్యాబ్ ఫోనులో వాడుతున్నాను. ఉచితంగానే 16 ట్రాకులు ఇస్తుంది. ప్రాజెక్టు వాళ్ల సర్వర్‌లో ఉంటుంది కాబట్టి కాకినాడలో ఉన్న మా గిటారిస్టు అక్కడి నుంచే తన ముక్క చేర్చేస్తాడు. నెట్ లేని రోజు మాత్రం చేతులు కట్టేసినట్టే.

అందరూ చేసే తప్పు నేనూ చేశాను. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాడాను. విన్నప్పుడు ప్రతి లైనూ తాళం కంటే వెనక. యాప్‌ను తిట్టుకున్నాను, తప్పు బ్లూటూత్‌ది. తీగ ఉన్నవి పెట్టగానే సరిపోయింది.

#10 · తెనాలి_తంబుర · ఆదివారం, సాయంత్రం 5:50

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. ఇవాళ వేవ్‌ఫామ్ ఫ్రీ ఎక్కించాను. లక్ష్మి గారూ, జుట్టు కొంచెమే పోయింది.

రెండు సందేహాలు. ఒకటి, హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకే కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది, బావిలోకి మాట్లాడినట్టు. రెండు, కీబోర్డు మీద వేణువు ఎంత వాయించినా పెళ్లి బ్యాండులాగే ఉంది. ఉచిత శబ్దాలు కావడం వల్లనా?

#11 · ఫేడర్_బాబాయి · ఆదివారం, సాయంత్రం 6:20

మొదటిదానికి లెక్క చెబుతాను. కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకు 44,100 నమూనాలుగా తీసుకుంటుంది. సెట్టింగుల్లో బఫర్ (ఒక్కోసారి పోగుచేసి పంపే నమూనాల సంఖ్య) 1024 అని ఉంటే, 1024ను 44,100తో భాగించండి. 23 మిల్లీసెకన్లు. శబ్దం లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. అంటే 46. డ్రైవరు తినేది అదనం. పాడేవారికి పది దాటితేనే చెవి తడబడుతుంది. బఫర్‌ను 128కి దించితే ఒక్కో వైపు 3 మిల్లీసెకన్ల లోపు. కానీ అప్పుడు ప్రాసెసర్ మీద భారం పెరిగి చిటపటలు రావచ్చు. అందుకే రికార్డు చేసేటప్పుడు దించాలి, మిక్సింగ్ చేసేటప్పుడు పెంచాలి.

విండోస్ మామూలు డ్రైవరు కాకుండా మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరు (ఆలస్యం తగ్గించేది) వేసుకోండి. అది లేకపోతే ఏసియో4ఆల్ అని ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్‌ఫేస్ మీద "డైరెక్ట్" అని మీట ఉంటే ఇంకా సులువు. గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా చెవికి వస్తుంది.

రెండో ప్రశ్న గమకం గారి ఇలాకా. ఎక్కడున్నా రావాలి.

#12 · గమకం · ఆదివారం, రాత్రి 8:45

వచ్చాను. పిల్లలకు వయొలిన్ పాఠం ఇప్పుడే అయింది.

తెనాలి గారూ, అది ఉచిత శబ్దం తప్పు కాదు. లక్ష రూపాయల వేణువు కొన్నా మీట నొక్కితే మీటే పలుకుతుంది. మిడి అనేది స్థాయికి 12 మెట్ల లెక్క. మన సంగీతం మెట్ల మీద కాదు, మెట్ల మధ్య నడుస్తుంది. తోడి గాంధారం తీసుకోండి. కీబోర్డు మీద అది ఎక్కడుంది? రిషభం నుంచి మధ్యమం దాకా ఊగే ఆ ఊగుడే గాంధారం. ఒక మీట మీద వేలు పెట్టి ఇదీ తోడి గాంధారం అని చూపించలేరు.

పిచ్ బెండ్ చక్రంతో కొంత చేయవచ్చు. దానికి 16,384 మెట్లు ఉంటాయి కాబట్టి సన్నదనానికి లోటు లేదు. చిక్కు దాని పరిధిలో ఉంది. మామూలుగా అటు రెండు, ఇటు రెండు స్వరస్థానాలే కదులుతుంది. షడ్జం నుంచి పంచమానికి జారు వేయాలంటే ఏడు కావాలి. సింథసైజర్‌లో బెండ్ పరిధిని 12కు మార్చుకోండి. అప్పుడు చక్రం కాస్త కదిపినా ఎగిరిపోతుంది, చెయ్యి సాధన అవసరం.

సర్జ్ ఎక్స్‌టీ అనే ఓపెన్ సోర్స్ సింథసైజర్ ఉంది, చాలా మంచిది. అందులో స్కాలా ఫైలు పెట్టి శ్రుతులను మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. చాలామంది దీన్ని చూసి "ఇక కర్ణాటక సంగీతం వచ్చేసింది" అని సంబరపడతారు. రాలేదు. స్కాలా ఫైలు నిలిచిన స్వరాన్ని సరిచేస్తుంది. గమకం కదలిక, నిలవదు. ఒక కల్యాణి సంచారాన్ని మౌస్‌తో గీతలు గీసి తెప్పించడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. వయొలిన్ మీద అది నాలుగు సెకన్ల పని.

నా సలహా: వేణువు వదిలేయండి. లేదా వీధిలో ఎవరో ఒకరు వాయించేవారు ఉంటారు, కాఫీ ఇచ్చి పిలవండి. తంబురకు మాత్రం సాఫ్ట్‌వేర్ భేషుగ్గా పనిచేస్తుంది. అది కదలదు కదా.

#13 · గమకం · ఆదివారం, రాత్రి 8:58

మరిచిపోయాను. అమ్మగారిది ఏ శ్రుతి? ఇంట్లో హార్మోనియం ఉంటే దానితో పాడే అలవాటు ఉందా? పాత హార్మోనియాలు 440 లెక్కకు (ఒక స్వరానికి సెకనుకు 440 కంపనాలు అనే ప్రామాణిక శ్రుతికి) సరిగ్గా ఉండవు, సాఫ్ట్‌వేర్లన్నీ 440తో మొదలవుతాయి. అలాంటప్పుడు సాఫ్ట్‌వేర్ తంబురను హార్మోనియానికి దించండి. అమ్మను సాఫ్ట్‌వేర్‌కు దించకండి.

#14 · తెనాలి_తంబుర · ఆదివారం, రాత్రి 9:30

అయిదున్నర (హార్మోనియం మీద జి షార్ప్) అంటుంది. ఫోను ట్యూనర్‌తో చూస్తే మా హార్మోనియం అయిదున్నరకు కాస్త తక్కువే ఉంది. ఏ తోడూ లేకుండా పాడితే మూడో చరణానికి శ్రుతి పైకి పాకుతోంది, అది అమ్మకు చెప్పే ధైర్యం లేదు.

#15 · గమకం · ఆదివారం, రాత్రి 9:36

చెప్పకండి. ఒక చెవికి తంబుర పెట్టండి, రెండో చెవి వదిలేయండి. తనే దిగుతారు. మెట్రోనోమ్ టిక్కుటిక్కు మాత్రం పెట్టవద్దు. హారతి పాటలో సాగతీత ఉంటుంది, టిక్కు పెడితే అమ్మగారు పాడడం మానేసి లెక్కపెట్టడం మొదలుపెడతారు.

#16 · దరువు_9 · సోమవారం, ఉదయం 7:10

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ ఎత్తలేదు. నేను రెండేళ్లుగా వాడుతున్నాను. చిన్న ఫైలు, వేగంగా తెరుచుకుంటుంది, ఏ కోతా లేదు. 60 రోజులు అయినా నడుస్తూనే ఉంటుంది.

#17 · ఫేడర్_బాబాయి · సోమవారం, ఉదయం 7:35

తమ్ముడూ, 60 రోజులు అన్నది పరీక్షించి చూసుకోవడానికి. ఆ తరువాత వాడితే 60 డాలర్లు కట్టాలి. తాళం వేయని కొట్టును ఉచిత కొట్టు అనరు.

#18 · దరువు_9 · సోమవారం, ఉదయం 7:52

మాటకు మాట కాదు గానీ బాబాయి, ఒక్కో పాటకు నాకు వచ్చేది రెండు వేలు. అందులో గాయనికి పోను మిగిలేది చెప్పుకుంటే సిగ్గు. మీరు చెప్పినది తప్పని అనను. వచ్చే సమ్మక్క జాతర పాటల డబ్బుతో కడతాను. ఇక్కడ రాశాను కాబట్టి ఇక తప్పదు.

#19 · ఫేడర్_బాబాయి · సోమవారం, ఉదయం 8:05

అన్న మాట వెనక్కి తీసుకోను గానీ, తాళం పెట్టకుండా ఇచ్చిన ఆయన మీలాంటి వారిని చూసే అలా ఇచ్చి ఉంటాడు. అందరూ ఎక్కించుకుని మరిచిపోయే క్రాక్ కాపీల కంటే నువ్వు వెయ్యి రెట్లు నయం.

అన్నట్టు ఎఫ్‌ఎల్ స్టూడియో ఉచిత నమూనా గురించి కూడా తెలుసుకోండి. అన్నీ చేయనిస్తుంది, భద్రపరచనిస్తుంది కూడా. కానీ కొనేదాకా ఆ ప్రాజెక్టును మళ్లీ తెరవనివ్వదు. పిల్లలు అది తెలియక పాట సగం చేసి పడుకుంటారు.

#20 · లైనక్స్_లక్ష్మి · సోమవారం, రాత్రి 9:20

ఒక స్వీయ అనుభవం చెప్పి ఆపేస్తాను. పదేళ్ల కిందట ఒక సాఫ్ట్‌వేర్‌లో మా తాతయ్య హరికథ మూడు గంటలు ఎడిట్ చేశాను. మిక్సింగ్ కోసం పెన్‌డ్రైవ్‌లో వేసుకొని రెండు బస్సులు మారి ఇంకో ఊరి స్టూడియోకు వెళ్లాను. అక్కడ తెరిస్తే అన్ని ట్రాకులూ ఖాళీ గీతలు. నేను తెచ్చింది ప్రాజెక్టు ఫైలు మాత్రమే, శబ్దాలున్న ఫోల్డరు ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటి నుంచి ఏ సాఫ్ట్‌వేర్ అయినా పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరిదాకా విడివిడిగా 24 బిట్ వేవ్ ఫైలుగా తీసి పెడతాను. పక్కన ఒక టెక్స్ట్ ఫైలులో శ్రుతి, తాళం, నమూనాల రేటు రాస్తాను.

రేటు ఎందుకంటే, 48,000లో పట్టిన గొంతును మార్చకుండా 44,100 అనుకొని ఆడిస్తే నెమ్మదిస్తుంది, దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగుతుంది. అయిదున్నర శ్రుతి అమ్మ అయిదుకూ నాలుగున్నరకూ మధ్య ఎక్కడో తేలుతుంది.

#21 · డల్లాస్_డోలక్ · మంగళవారం, ఉదయం 8:40

పూర్తయ్యాక శబ్దం ఎంత ఉండాలో కూడా చూసుకోండి. యూట్యూబ్ దాదాపు మైనస్ 14 లఫ్స్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గరకు తగ్గిస్తుంది. దానికంటే బిగ్గరగా చేసి పంపితే వాళ్లు తగ్గిస్తారు, మన కష్టం వృథా. తక్కువగా పంపితే మాత్రం వాళ్లు పెంచరు. రివర్బ్‌కు వల్హల్లా సూపర్‌మాసివ్ ఉచితమే, గుడి మండపం నుంచి అంతరిక్షం దాకా వెళుతుంది. మీరు మండపం దగ్గరే ఆగండి. ఈక్వలైజర్‌కు టీడీఆర్ నోవా చాలు.

#22 · తెనాలి_తంబుర · మూడు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 7:30

మొదటి పాట అయింది. గౌరీదేవి హారతి. ఏం చేశానో రాస్తాను, నాలాంటివారికి పనికొస్తుంది.

గొంతు, మృదంగం వేవ్‌ఫామ్‌లో పట్టాను. తంబుర సర్జ్ ఎక్స్‌టీతో, మా హార్మోనియం శ్రుతికి దించి. కోతలు, ఫ్యాను హోరు ఆడాసిటీలో. గమకం గారి మాట విని వేణువు తీసేశాను. టిక్కు పెట్టలేదు. అమ్మ చెవిలో తంబుర పెట్టాక శ్రుతి పాకలేదు, కానీ "ఇదేమిటిరా, చెవిలో తుమ్మెద" అని పది నిమిషాలు నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు కూడా రికార్డయింది, విడి ట్రాకుగా తీసి పెట్టాను. లక్ష్మి గారూ, వేవ్ ఫైళ్లు రెండు చోట్ల ఉన్నాయి, టెక్స్ట్ ఫైలు కూడా.

ఒక్కటే కుదరలేదు. అమ్మ విని "మృదంగం వాడు నా వెనక పరుగెత్తుతున్నాడు" అంది. వాడేమో లయ తప్పలేదని ఒట్టు పెడుతున్నాడు. నాకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు అనిపిస్తోంది.

#23 · ఫేడర్_బాబాయి · అదే రోజు, రాత్రి 7:44

మృదంగం పట్టిన రోజు బఫర్ ఎంత?

#24 · తెనాలి_తంబుర · అదే రోజు, రాత్రి 7:51

చూశాను. 1024. ముందు రోజు మిక్సింగ్ కోసం పెంచి, దించడం మరిచిపోయాను. మీరు రాసినది చదివి కూడా.

#25 · ఫేడర్_బాబాయి · అదే రోజు, రాత్రి 8:03

అదే. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆలస్యాన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తాను కొంత సర్దుతుంది గానీ డ్రైవరు చెప్పిన లెక్క తప్పితే తేడా మిగిలిపోతుంది. ఊహించకుండా కొలవండి. అదే 1024 బఫర్ ఉంచి, ఒక ట్రాకులో ఒక్క చప్పట్ల శబ్దం పెట్టండి. హెడ్‌ఫోన్‌ను మైకు మూతికి ఆనించి, దాన్ని ఇంకో ట్రాకులో రికార్డు చేయండి. రెండు చప్పట్ల మధ్య దూరం ఎంతుందో పెద్దది చేసి చూడండి. మృదంగం ట్రాకును అంత ముందుకు, అంటే ఎడమవైపుకు, జరపండి.

#26 · తెనాలి_తంబుర · అదే రోజు, రాత్రి 9:12

58 మిల్లీసెకన్లు వచ్చింది. జరిపాను. అమ్మకు మళ్లీ వినిపించాను, ఏమీ అనలేదు. రెండో పాట ఎప్పుడని అడిగింది.